ఒక నిమిషం సిర్కా

బిడ్డా, మొన్న ఆశా అక్క మీ అమ్మ చెవిలో ఏదో చెప్తుంటే ఏందని అడిగావు. వాళ్లు మాట మార్చారు. నేను మార్చను. నీకు పన్నెండేళ్లు, తెలియాల్సిన సంగతే.

గర్భసంచి కింద ఒక ముఖద్వారం ఉంటుంది. అక్కడ వచ్చే క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. ఆ గుట్టు విప్పినందుకే శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు. చాలామందిలో అది రెండేళ్లలోపే పోతుంది. కొందరిలో తిష్ట వేస్తుంది. కణాలు చెడి క్యాన్సర్ కావడానికి పది, ఇరవై ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ నొప్పి ఉండదు. దాని మోసం అదే, మనకు దొరికే గడువూ అదే.

చెరకు రసం బాగా పులిస్తే సిర్కా అవుతుంది కదా. ఆ గడువులోనే చెడును పట్టే పరీక్ష ఒకటుంది. సిర్కాలోని పులుపునే, నూటికి మూడు నుంచి ఐదు పాళ్లుగా నీళ్లలో కలిపి, దూదితో ఆ ద్వారానికి అద్దుతారు. ఒక నిమిషం ఆగుతారు. మంచి చోటు గులాబీ రంగులోనే ఉంటుంది. చెడుతున్న చోట తెల్లమచ్చ తేలుతుంది. పాలలో నిమ్మకాయ పిండితే విరుగుతాయి చూడు, అట్లాంటిదే. చెడుతున్న కణాల్లో మాంసకృత్తులు ఎక్కువ. పులుపు తగలగానే అవి గడ్డకడతాయి. కాసేపటికి ఆ తెలుపు పోతుంది.

ముంబయి బస్తీల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు పదో తరగతి చదివిన ఆడవాళ్లకు నాలుగు వారాలు నేర్పి ఈ పరీక్ష చేయించారు. ఈ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయని 2013లో తేల్చారు.

ఇక్కడ కందకుర్తి సంగమంలో నువ్వు కాళ్లు కడుక్కునే మంజీర, ఒకప్పుడు ఉస్మానాబాద్ అని పిలిచిన జిల్లా అంచు తాకుతూ వస్తుంది. ఆ పల్లెల్లో 1,31,746 మంది ఆడవాళ్లను నాలుగు గుంపులు చేసి చూశారు. వైరస్ కోసం ఒకే ఒక్కసారి పరీక్ష చేసిన గుంపులో చావులు దాదాపు సగానికి తగ్గాయి. 2009 నాటి మాట అది. మనలాంటి పల్లెలే, ఒకప్పుడు మనతోపాటు నిజాం రాజ్యంలో ఉన్నవే.

మన తెలంగాణ సర్కారు 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ అనే పథకం మొదలుపెట్టింది. మంగళవారం ఆడవాళ్ల పరీక్షల రోజు. కానీ బీడీలు చుట్టే అమ్మలు “నొప్పి లేదు గదా, ఎందుకు పోవాలె? కూలి పోతది” అంటారు. మా చెల్లె కూడా అట్లనే అంది. రక్తం కనబడ్డాకే చెప్పింది. నేనూ ముందు అడగలేదు.

2030 నాటికి పదిహేనేళ్లలోపు ఆడపిల్లల్లో నూటికి తొంభైమందికి హెచ్‌పీవీ టీకా అందాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం. ఆ సూది నీ వయసు వాళ్లకే. మీ అమ్మకు ముప్పై దాటింది, ఆమెకు పరీక్ష. రేపు మంగళవారం. బీడీలకు తునికాకు నేను కత్తిరించి పెడతా, ఆమెను పోయి రమ్మను.