రోమ్‌లో జేబు జాగ్రత్త!

రోమ్ అంటే అందరికీ కొలోసియం గుర్తొస్తుంది. నాకు మాత్రం వీధి కుళాయిలు! వాటిని 'నసోనీ' అంటారు. 1874 నుంచీ ఉన్నాయి. చల్లటి మంచినీళ్లు, పైసా ఖర్చు లేదు. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిల్లులోంచి నీళ్లు చిమ్ముతాయి, నేరుగా తాగేయొచ్చు. ఒక్క ఖాళీ సీసాతో నేను మూడు రోజులు తిరిగేశా.

కాఫీ కౌంటర్ దగ్గర నిలబడే తాగండి. అదే కాఫీకి కుర్చీలో కూర్చుంటే చాలాచోట్ల ఎక్కువ తీసుకుంటారు.

పేపర్ టికెట్ కొంటే బస్సెక్కగానే మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా ఫైన్ తప్పదు. మామూలు టికెట్ 100 నిమిషాలు పనిచేస్తుంది, మెట్రో మాత్రం ఒక్కసారే.

స్పానిష్ స్టెప్స్ మీద కూర్చుని ఫొటో దిగుదామనుకుంటున్నారా? వద్దు! 2019 నుంచి అక్కడ కూర్చోవడం నిషేధం. జరిమానా వందల యూరోల్లోనే.

సెయింట్ పీటర్స్ చర్చిలోకి ప్రవేశం ఉచితం. కానీ భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. బ్యాగులో ఓ చున్నీ పడేసుకోండి.

కొలోసియం టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనండి. దానిమీద మీ పేరుంటుంది కాబట్టి పాస్‌పోర్ట్ వెంట ఉండాలి.

చివరిగా, రద్దీ బస్సుల్లో, మెట్రోలో ఫోన్ వెనక జేబులో పెట్టకండి. మ్యాపులు, టికెట్లు అన్నీ అందులోనేగా!