ఎ, యాన్, ది: అరబీ చదివే పిల్లలకు తెలిసిన సంగతే

‘హి ఈజ్ టీచర్’ అని రాస్తే మాస్టారు ఎర్ర ఇంకుతో మధ్యలో ‘ఎ’ చేరుస్తారు. ఎందుకో పిల్లాడికి అర్థం కాదు. అర్థం కాకపోవడంలో వింతేమీ లేదు. తెలుగులో ఆర్టికల్ అనేదే లేదు, ఉర్దూలోనూ లేదు. ‘ఆయన టీచర్’, ‘వో టీచర్ హై’ అంటే చాలు, మాట పూర్తయిపోతుంది.

అయితే ఇంట్లో వినిపించే మరో భాషలో ఆర్టికల్ ఉంది. అరబీలో ‘కితాబున్’ అంటే ఏదో ఒక పుస్తకం. ‘అల్ కితాబ్’ అంటే ఫలానా పుస్తకం. చివరి ‘ఉన్’ చేసే పని ఇంగ్లీషులో ‘ఎ’ చేస్తుంది, ముందున్న ‘అల్’ చేసే పని ‘ది’ చేస్తుంది. అరబీ నేర్చుకుంటున్న పిల్లలకు ఇలా చెబితే తొందరగా ఎక్కుతుంది.

చూడాల్సింది ఒక్కటే: ఏది అన్నది వినేవాళ్లకు తెలుసా, లేదా? ‘అమ్మీ, ఐ బాట్ ఎ పెన్’ అన్నప్పుడు ఆ పెన్ను సంగతి అమ్మీకి తెలియదు. తర్వాత ‘ది పెన్ ఈజ్ లీకింగ్’ అంటే ఏ పెన్నో ఆమెకు తెలిసిపోయింది. మొదటిసారి ‘ఎ’, రెండోసారి ‘ది’ అని బట్టీ పట్టిస్తుంటారు గానీ అది సగం మాటే. గదికి ఒకటే తలుపు ఉంటే మొదటిసారే ‘క్లోజ్ ది డోర్’ అంటారు. ఉద్యోగ దరఖాస్తులోనూ అంతే. ఏదో ఒక పని కావాలంటే ‘ఎ జాబ్’. ప్రకటనలో చూసిన ఆ పోస్టుకే అయితే ‘ది పోస్ట్ ఆఫ్ అకౌంటెంట్’. ఇక్కడ ‘ఎ’ పెడితే ప్రకటన సరిగా చదవలేదేమో అనుకుంటారు.

అరబీ దారి తప్పించే చోటు కూడా ఉంది. సబ్ర్, ఇల్మ్ లాంటి వాటి గురించి మామూలుగా చెప్పేటప్పుడు అక్కడ ‘అల్’ చేరుతుంది. ఇంగ్లీషులో మాత్రం ‘పేషెన్స్ ఈజ్ గుడ్’ అనాలి, ముందు ‘ది’ రాదు. ‘ఐ లైక్ మ్యాంగోస్’ కూడా అలాంటిదే. ‘ది మ్యాంగోస్’ అంటే బుట్టలో ఉన్న ఆ పళ్లే.

‘యాన్’ సంగతి తేల్చేది స్పెల్లింగు కాదు, శబ్దం. ఆ మాటను ఇంగ్లీషులో పలికి చూస్తే సరి, అచ్చు శబ్దంతో మొదలైతే ‘యాన్’. యాన్ అవర్, యాన్ ఎమ్మెల్యే. యూనివర్సిటీ మాత్రం ‘య’తో మొదలవుతుంది కాబట్టి ‘ఎ యూనివర్సిటీ’. ఎగ్‌ని ‘యెగ్గు’ అని పలికే ఇళ్లలో ఈ చిట్కా కాస్త తడబడుతుంది, అది వేరే సంగతి!

కొన్నిచోట్ల ఆర్టికల్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి అర్థమే మారిపోతుంది. కూతురు చదువుకోడానికి వెళ్తే ‘షి గోస్ టు స్కూల్’. ఫీజు కట్టడానికి అబ్బాజాన్ వెళ్తే ‘హి గోస్ టు ది స్కూల్’.