ఎండా నీడల్లో మన వంట

ఉగాది పచ్చడి కలిపినా, కొత్త ఆవకాయ జాడీకెత్తినా మన ఇళ్లలో ఆ తర్వాత జరిగే పని ఒక్కటే. ఫొటో తీసి ఊళ్లో ఉన్న అమ్మకో, అత్తయ్యకో పంపడం. నూనె పైకి తేలిందా, ముక్క ఊరిందా, పిండి సరిపోయిందా అన్నది ఆవిడ అక్కడి నుంచే చూసి చెప్పాలి. కానీ వంటింటి ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోలో ఇవేవీ తెలియవు. ఎర్రటి ముద్ద ఒకటి కనబడుతుంది, అంతే! పైగా మన చేతి నీడ, ఫోను నీడ దాని మీద.

దీనికి ఖరీదైన కెమెరా అక్కర్లేదండీ. ఏ ఎండకు భయపడి మనం ఏడాదిలో సగం రోజులు కర్టెన్లు వేసుకుని కూర్చుంటామో, ఆ ఎండే చాలు.

గట్టి వెలుగు అంటే...

ఫొటోగ్రాఫర్లు వెలుగును రెండు రకాలుగా చెబుతారు. అంచులు కత్తితో కోసినట్టుండే నీడను ఇచ్చేది హార్డ్ లైట్. అంచులు కరిగిపోయినట్టుండే నీడను ఇచ్చేది సాఫ్ట్ లైట్. తేడా వెలుగు ఎంత ఎక్కువన్నదాంట్లో లేదు. వస్తువు దగ్గర నుంచి చూస్తే దీపం ఎంత పెద్దగా కనబడుతుందన్నదే ముఖ్యం. సూర్యుడు ఎంతో పెద్దవాడే కానీ సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మన కంటికి ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే. అందుకే ఎండలో నీడ అంత పదునుగా ఉంటుంది. మధ్యలో తెల్లటి పల్చని కర్టెన్ వేస్తే ఆ కర్టెనే పెద్ద దీపమవుతుంది. నీడ మెత్తబడుతుంది.

ఈ విద్య కొత్తదేమీ కాదు. ఇంగ్లండుకు చెందిన ఫాక్స్ టాల్బట్ 1844-46 మధ్య భాగాలుగా వెలువరించిన 'ది పెన్సిల్ ఆఫ్ నేచర్' పుస్తకంలో బుట్టల్లో పండ్లు పెట్టి తీసిన ఫొటో ఉంది. కరెంటు దీపాలు లేని ఆ రోజుల్లో ఆయనకు దీపం సూర్యుడే.

ఏ వంటకు ఏ వెలుగు?

ఆవకాయ జాడీని కిటికీ దగ్గర పెట్టి, ఎండ పక్క నుంచి వాలుగా పడేట్టు చూడండి. ప్రతి మెంతి గింజ పక్కన ఒక చిన్న నీడ, నూనె మీద ఒక మెరుపు కనబడతాయి. గరుకుదనం తెలిసేది ఆ నీడల వల్లే. పెసరట్టు కరకర, గారె మీది గరుకు, పులిహోరలో పోపు గింజలు... వీటన్నిటికీ పక్క నుంచి వచ్చే ఎండే సరైనది.

పూతరేకులకు మాత్రం ఎండ వెనుక నుంచి రావాలి. బోర్లించిన కుండ మీద బియ్యపు పిండితో తీసే ఆ రేకు కాగితం కన్నా పల్చన కదా! వెలుగు అందులోంచి దూరి వస్తే పొరలు పొరలుగా కనబడుతుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి నుంచి డబ్బా వచ్చినప్పుడు తినేముందు ఒక ఫొటో తీయండి మరి.

ఇక పానీయాలు. గాజు గ్లాసులో సులేమానీ పోసి ఎండలో పెట్టండి. నల్లటి నీడ బదులు బల్ల మీద తేనె రంగు వెలుగు పడుతుంది. గుండ్రటి గ్లాసు, అందులోని టీ కలిసి భూతద్దంలా పనిచేసి వెలుగును ఒకచోట చేరుస్తాయి. అదే గ్లాసులో కరక్ చాయ్ పోస్తే పాల వల్ల వెలుగు దాటలేదు, మామూలు నీడే పడుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి తీస్తే ఆ ఫొటోయే ఒక సైన్సు పాఠం!

పెరుగన్నం, పాయసం వంటి తెల్లటి నున్నని వాటికి ఈ ఎండ నప్పదు. వాటికి కర్టెన్ వేయండి.

టైము చూసుకోవాలి

దుబాయ్‌లో డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 41 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 10 సెంటీమీటర్ల గ్లాసుకు 11 సెంటీమీటర్లకు పైగా నీడ పడుతుంది. అదే జూన్ 21న 88 డిగ్రీలు. నీడ పట్టుమని అర సెంటీమీటరు కూడా ఉండదు. నీడ లేని ఫొటో మళ్లీ ట్యూబ్‌లైటు ఫొటోలాగే చప్పగా ఉంటుంది.

కాబట్టి గుర్తు ఇదీ: నీడ పొడవు గ్లాసు ఎత్తుకు ఒకటి నుంచి రెండు రెట్లు ఉన్నప్పుడు తీయండి. చలికాలంలో ఉదయం పది నుంచి ఇందుకు వీలుంటుంది. జూన్‌లో అయితే ఉదయం తొమ్మిదిలోపే పని ముగించాలి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా ఎండలో బయట పని చేయించడాన్నే ఈ దేశం నిషేధించింది. ఆ వేళ ఫొటో కోసం బాల్కనీలో నిలబడాల్సిన అవసరం మనకేమిటి?

కొన్ని చిట్కాలు

* కిటికీకి రంగు అద్దం ఉంటే తెరిచి తీయండి. లేకపోతే అన్నం నీలంగానో, పచ్చగానో కనబడుతుంది.
* ఫోను తెర మీద కంచంలో అన్నిటికన్నా తెల్లగా ఉన్నచోట వేలుపెట్టి, వెలుగు కాస్త తగ్గించండి. నీడలు నల్లగా ఉన్నా ఫర్వాలేదు, తెలుపు మాత్రం పేలిపోకూడదు.
* నీడ మరీ చీకటైతే ఎండకు ఎదురు వైపున థర్మాకోల్ ముక్కో, తెల్ల కాగితమో నిలబెట్టండి.
* స్టీలు కంచం, అరిటాకు ఎండలో తళుక్కుమంటాయి. కొద్దిగా వాల్చి చూడండి.
* గట్టి వెలుగు ఏదీ దాచదు. కంచం అంచున పడిన చుక్కను ముందే తుడవండి.

పిల్లలూ, ఇది మీ కోసం!

అబూధాబిలో 2017లో తెరిచిన లూవ్ర్ మ్యూజియం చూశారా? 180 మీటర్ల వెడల్పున్న ఆ గుమ్మటంలోని 7,850 నక్షత్రాల సందుల్లోంచి ఎండ వానలా కురుస్తుంది. అలాంటి వాన మీరూ కురిపించవచ్చు. అమ్మనడిగి చిల్లుల గిన్నె తీసుకుని, కంచానికి జానెడు పైన ఎండలో పట్టుకోండి. చుక్కల నీడ పడుతుంది. గిన్నెను పైకి జరిపేకొద్దీ ఏమవుతుందో చూడండి.

ఇంకొకటి. ఒక సెలవు రోజున గ్లాసు నీడను ఉదయం 9కి, 12కి, మధ్యాహ్నం 3కి స్కేలుతో కొలిచి రాసుకోండి. హైదరాబాదులో ఏడాదికి రెండు రోజులు, మే నెలలో ఒకటి, ఆగస్టులో ఒకటి, మధ్యాహ్నం నీడ పూర్తిగా మాయమవుతుంది. దుబాయ్ కర్కటరేఖకు ఉత్తరాన ఉంది కాబట్టి ఇక్కడ ఎప్పుడూ అలా జరగదు. తాతయ్యకు ఫోన్ చేసి అక్కడి నీడ ఎంతుందో అడిగి పోల్చుకోండి. జాగ్రత్త, సూర్యుడిని నేరుగా చూడొద్దు. నీళ్ల గ్లాసును ఎండలో కాగితాల దగ్గర వదిలేయొద్దు, అంటుకునే ప్రమాదం ఉంది.

ఈ వేసవికి ఆవకాయ పెట్టగానే కర్టెన్ తీసి ఒక ఫొటో పంపండి. అటు నుంచి అమ్మ, "ముక్క బాగానే ఉంది కానీ, ఇంకాస్త నూనె పొయ్యవే" అందనుకోండి. మీ ఫొటో కుదిరినట్టే!