పదో తరగతి హిందీలో 20 మార్కులు

ఢిల్లీ ప్రభుత్వ, నగరపాలక పాఠశాలల్లో ప్రాథమిక ఉపాధ్యాయ పోస్టుల కోసం వెలువడే ప్రకటనల్లో ఒక షరతు చాలాకాలంగా ఉంటోంది. అభ్యర్థి పదో తరగతిలో హిందీ ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి. ఎన్ని మార్కులు రావాలన్నది మాత్రం ఆ షరతులో లేదు. తెలుగు రాష్ట్రాల పదో తరగతిలో హిందీ ద్వితీయ భాష. మిగతా సబ్జెక్టులకు 35 రావాలి, దీనికి 20 వస్తే గట్టెక్కినట్టే. ఆ 20 మార్కుల మెమో చేతిలో ఉంటే, హిందీలో నాలుగు మాటలు కూడబలుక్కోలేని మనవాళ్లకు కూడా ఈ షరతు అడ్డు చెప్పదు. తమిళనాడులో 1968 నుంచి రెండు భాషల విధానమే. అక్కడి ప్రభుత్వ బడిలో చదివి, ఆ తర్వాత పదేళ్లు ఢిల్లీ కరోల్‌బాగ్‌లో కాపురముండి, కూరగాయల బేరం నుంచి బ్యాంకు పని దాకా హిందీలోనే చక్కబెట్టుకునే మనిషిని మాత్రం అదే షరతు ఆపేస్తుంది. ఈ షరతు కొలుస్తున్నది అభ్యర్థి ఏ రాష్ట్రంలో చదువుకున్నదన్నదే. ఆరేళ్ల బిడ్డతో మాట్లాడగలదా అన్నది దానికి పట్టదు.

ఢిల్లీతో కలిసి ఒకే మహానగరంగా కనిపించే ఈ ప్రాంతంలో మెట్రో రెండు స్టేషన్లు దాటితే నియమమూ మారిపోతుంది. గురుగ్రామ్ హర్యానాలో ఉంది. అక్కడ పదో తరగతిలో హిందీ గానీ సంస్కృతం గానీ ఉండాలి, లేదా పై చదువుల్లో హిందీ ఉండాలి. నోయిడా ఉత్తరప్రదేశ్‌ది. ఆ రాష్ట్ర అర్హత పరీక్షలో మొదటి భాష హిందీయే. ఢిల్లీకి కేంద్ర ఉపాధ్యాయ అర్హత పరీక్ష (సీటెట్) కావాలి. దాని మొదటి పేపరు 150 మార్కులకు ఉంటుంది. అందులో రెండు భాషలకు ముప్పై చొప్పున అరవై. ఆ రెండింటినీ ఇరవై భాషల జాబితాలోంచి అభ్యర్థే ఎంచుకోవచ్చు. తెలుగు, ఇంగ్లిష్ ఎంచుకుంటే భాషా విభాగాల్లో హిందీ జోలికే పోకుండా గట్టెక్కవచ్చు. ఏ భాష ఎంచుకున్నా చేసేది ఓఎంఆర్ షీటు మీద గుండ్రాలు నింపడమే. ఈ మొత్తం ప్రయాణంలో అభ్యర్థి గొంతు వినేవాళ్లు ఎవరూ లేరు. ఒకటో తరగతి బిడ్డ మాత్రం మొదటి రోజే వింటుంది. ఆ బిడ్డ ఇంట్లో భోజ్‌పురియో మైథిలియో మాట్లాడే కుటుంబంలోంచి వచ్చి ఉంటే, పాఠ్యపుస్తకంలోని హిందీయే ఆమెకు సగం కొత్త. ఆ సగం దూరాన్ని దాటించవలసింది టీచరే.

ఇక ట్రైనింగ్ సంగతి చూద్దాం. ఉద్యోగం చేసుకుంటూ టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసే దారి మన దేశంలో అన్నిటికంటే పెద్ద ఎత్తున తెరుచుకున్నది నోయిడా నుంచే. విద్యాహక్కు చట్టానికి 2017లో చేసిన సవరణ, శిక్షణ లేకుండా పాఠాలు చెబుతున్న వాళ్లకు 2019 మార్చి 31 దాకా గడువిచ్చింది. నోయిడాలోని జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ఆ టీచర్ల కోసం స్వయం పోర్టల్, టీవీ పాఠాలు, స్టడీ సెంటర్లు కలిపి ప్రాథమిక విద్యలో డిప్లొమా కోర్సు (డీఎల్‌ఈడీ) నడిపింది. 12 లక్షల మందికి పైగా చేరారు. మామూలుగా రెండేళ్లుండే కోర్సు వీళ్లకు 18 నెలల్లో ముగిసింది. ఆ ఆరు నెలల తేడా మీద ఏళ్లపాటు వ్యాజ్యాలు నడిచాయి. 2020 జనవరిలో పట్నా హైకోర్టు ఆ డిప్లొమా చెల్లుతుందన్నది. 2023 నవంబరులో సుప్రీంకోర్టు అది రెండేళ్ల డిప్లొమాకు సమానం కాదన్నది. 2024 డిసెంబరులో అదే కోర్టు వివరణ ఇస్తూ, 2017 ఆగస్టు 10 నాటికి ఉద్యోగంలో ఉండి 2019 ఏప్రిల్ 1కి ముందు కోర్సు పూర్తిచేసినవాళ్లకు ఊరట కల్పించింది. పిల్లల ముందు నిలబడి పనిచేస్తున్న మనుషులు నెలల లెక్క తేలడం కోసం ఇన్నేళ్లు ఎదురుచూడాల్సి రావడం బాధాకరం. వాదనలన్నీ నెలల చుట్టూ తిరిగాయి. పిల్లల భాషలో ఆ టీచరుకు ఎంత పట్టు దొరికిందన్నది అంత పెద్ద ప్రశ్న కాలేదు.

ఐర్లండ్‌లో ఈ ప్రశ్నను నేరుగా అడుగుతారు. అక్కడ ప్రాథమిక టీచరు ఐరిష్ భాష కూడా చెప్పాలి. కాబట్టి ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో చదివే ట్రైనింగ్‌కు దరఖాస్తు చేసినా, పాఠశాల చివరి పరీక్షలో ఐరిష్ పై స్థాయి పేపరులో నిర్ణీత గ్రేడు చూపించాలి, ఇంటర్వ్యూలో ఆ భాషలో మాట్లాడాలి. చేరిన తర్వాత కొన్ని వారాలు గేల్టాక్ట్ అనే ఐరిష్ పలికే ప్రాంతాల్లో ఉండి రావడం కోర్సులో భాగం. వేరే దేశంలో శిక్షణ పొంది వచ్చిన టీచరును వెంటనే వెనక్కి పంపరు. షరతుతో నమోదు చేసుకుని, ఐరిష్ అర్హత సంపాదించుకోవడానికి గడువిస్తారు. మనం తీసుకోవలసింది గ్రేడు పట్టింపును కాదు, నోటితో మాట్లాడించి చూడడాన్ని, నేర్చుకోవడానికి సమయమివ్వడాన్ని. అక్కడి పిల్లల్లో ఎక్కువమందికి ఐరిష్ ఇంటి భాష కాదు, బడిలో నేర్చుకునే వారసత్వం. అయినా అంత శ్రద్ధ పెడుతున్నారు. ఢిల్లీ బడిలో హిందీ వారసత్వ పాఠం కాదు. లెక్కలు చెప్పినా, కడుపునొప్పి సంగతి అడిగినా ఆ భాషలోనే. మరి ఇక్కడ ఇంకెంత శ్రద్ధ ఉండాలి!

ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాల్లో ప్రైవేటు బళ్లు ఇంగ్లిష్ మీడియం కదా, హిందీ ఎందుకని అడగవచ్చు. విద్యాహక్కు చట్టం 12వ సెక్షన్ కింద పేద పిల్లలకు కేటాయించిన 25 శాతం సీట్లూ ఆ బళ్లలోనే ఉన్నాయి. ఆ పిల్లల తల్లులతో మాట్లాడాల్సింది ఏ భాషలో? ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. ఇల్లు, ఉద్యోగం, చదువు మూడూ మోస్తున్న స్త్రీలకు మౌఖిక పరీక్ష ఇంకో అడ్డుగోడ అవుతుందన్నది. దరఖాస్తు దగ్గరే పెడితే నిజంగానే అవుతుంది. అందుకే దాన్ని కోర్సు లోపలికి తేవాలి. పదో తరగతి మెమో అడగడం మానేసి, రెండేళ్లలో వారానికో గంట మాట్లాడించి, చివరి ఏడాది బడిలో చేసే బోధనా సాధనలో పిల్లలతో మాట్లాడుతుండగా విని మార్కులు వేయాలి. ఉద్యోగం చేసుకుంటూ చదివే విద్యార్థిని అప్పటికే బడిలో ఉంటుంది, కాబట్టి సాధనకు వేరే చోటు వెతకక్కర్లేదు. తెలుగామె 20 మార్కులు అప్పుడు ఆమెకు రక్షణ కావు. తమిళామెకు మెమోలో హిందీ లేకపోవడం శాపమూ కాదు.

ఇది హిందీని నెత్తిన రుద్దడం కాదా అని తెలుగువాళ్లు అడిగితే అది న్యాయమైన అనుమానమే. ఈ వాదన హిందీ తరఫున చేస్తున్నది కాదు. బిడ్డ ఏ భాషలో ఆలోచిస్తుందో టీచరుకు ఆ భాష రావాలన్నదే దీని సారం. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించమంటోంది. దీన్ని ఒప్పుకుంటే మన ఇంట్లోనూ పాటించాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండి, కోయ, సవర సహా ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు మాతృభాషా బోధన మొదలుపెట్టాం. ఢిల్లీలో తెలుగు టీచరును హిందీ నేర్చుకోమనే నియమమే, ఉట్నూరు గోండు గూడెంలో పాఠం చెప్పబోయే తెలుగు టీచరును డీఎల్‌ఈడీ పూర్తయ్యేలోగా గోండి నేర్చుకోమని కూడా అడగాలి, నేర్పించాలి.