సరకుల పద్దులో మనుషులు

1783వ సంవత్సరంలో లండన్ నగరంలో ఒక వ్యాజ్యం విచారణకు వచ్చింది. వాదులు లివర్‌పూల్ పట్టణపు ఓడ వర్తకులు. ప్రతివాదులు భీమా వ్యాపారులు. తమ ఓడలోని సరకు సముద్రం పాలైందనీ, దానికి భీమా సొమ్ము ఇప్పించాలనీ వర్తకులు కోరారు. ఇలాంటి తగవులు రేవు పట్టణాలలో ఎన్నో వస్తూ ఉంటాయి. కాని ఈ తగవులో సరకు అన్నది మిరియాలూ కాదు, బట్టల మూటలూ కాదు. మనుషులు!

ఇదెలా జరిగిందో తెలియాలంటే ఆ కాలపు సంగతి కొంత తెలియాలి. ఐరోపా దేశాలవారు అమెరికా ఖండాలలోనూ, కరిబియన్ దీవులలోనూ వలసలు స్థాపించి చెరకు, పొగాకు, ప్రత్తి తోటలు వేశారు. ఆ తోటలలో చాకిరీకి ఆఫ్రికా పడమటి తీరంలో మనుషులను కొని తీసుకుపోయేవారు. యుద్ధాలలో చిక్కినవారినీ, ఊళ్లలోంచి ఎత్తుకొచ్చినవారినీ అక్కడి కొందరు రాజులూ, దళారులూ అమ్మేవారు. తెల్ల వర్తకులు తుపాకులూ, సారా, బట్టలూ ఇచ్చి కొనేవారు. మన కోరమండల్ తీరంలో నేసిన నూలు బట్టలు కూడా ఆ బేరంలో చెల్లాయి. నేసినవారికి ఆ సంగతి తెలిసి ఉండదు. ఇలా 350 ఏళ్లకు పైగా సాగిన వ్యాపారంలో సుమారు 1 కోటి 25 లక్షలమందిని ఓడలకెక్కించారు. దాదాపు 18 లక్షలమంది దారిలోనే చనిపోయారు.

ఎందుకు చనిపోయారంటారా? ఒక సుద్దముక్క, కొలబద్ద తెచ్చుకోండి. నేలమీద 6 అడుగుల పొడవు, 16 అంగుళాల వెడల్పు గల గడి గీయండి. బ్రూక్స్ అనే ఓడలో ఒక మగవాడికి దక్కే చోటు అంతే. మగపిల్లవాడికి 5 అడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు. ఆడపిల్లకు నాలుగున్నర అడుగుల పొడవు, ఒక్క అడుగు వెడల్పు. ఈ కొలతలతో 1788లో ఒక పటం అచ్చువేశారు. ఆ పటంలో మనుషులను వరసగా పడుకోబెట్టి చూపారు. ఒకరి పక్కన ఒకరికి వేలు దూర్చే సందు లేదు. ఆ సంవత్సరం వచ్చిన చట్టం ప్రకారం ఆ ఓడలో ఎక్కించదగిన సంఖ్య 454. అంతకు ముందు అదే ఓడలో 609 మందిని కూడా ఎక్కించారు! మీరు గీసిన గడిలో కాసేపు పడుకొని చూడండి. వాళ్లు అలా వారాల తరబడి ఉన్నారు. మగవారి కాళ్లకు సంకెళ్లు కూడా ఉండేవి.

ఇక మన వ్యాజ్యం. 1781లో జోంగ్ అనే ఓడ 442 మంది ఆఫ్రికావారితో బయలుదేరింది. ఆ ఓడ పట్టేదానికి అది మించిన సంఖ్య. ఓడలో జబ్బులు రేగి 60 మందికి పైగా చనిపోయారు. జమైకా దీవి కనిపించినా మరో దీవి అనుకొని దాటిపోయారు. అప్పుడు కెప్టెన్ కాలింగ్‌వుడ్ ఒక లెక్క వేశాడు. బానిస జబ్బుతో చస్తే ఆ నష్టం యజమానిది. ఓడను కాపాడటానికి సముద్రంలో పడవేస్తే నష్టం భీమావారిది. తలకు 30 పౌన్లు. నీళ్లు చాలవని సాకు చెప్పి, నవంబరు 29 మొదలు కొద్ది రోజులలో 130 మందికి పైగా మనుషులను సముద్రంలోకి తోయించాడు. మొదట తోసింది ఆడవాళ్లనూ, పిల్లలనూ. ఈ మధ్యలో వర్షం కురిసింది, నీళ్లు పట్టుకొన్నారు, అయినా ఆపలేదు. ఓడ జమైకా చేరేసరికి పీపాలలో నీళ్లు మిగిలే ఉన్నాయి.

కోర్టులో ఇది హత్య అవునా కాదా అని విచారించలేదు. సొమ్ము చెల్లించాలా వద్దా అన్నదే తగవు. జూరీవారు చెల్లించాలన్నారు. గుర్రాలను పారవేసినట్టే జూరీ దీన్ని చూసిందని ప్రధాన న్యాయాధిపతి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ అన్నారు. వర్షం సంగతి బయటపడిన తరువాత కేసు తిరిగి విచారించాలని ఉత్తర్వు చేశారు. హత్యానేరం మాత్రం ఎవరిమీదా మోపలేదు.

ఈ ఘోరం పత్రికలో చదివి, గ్రాన్‌విల్ షార్ప్ అనే ధర్మాత్ముడి దగ్గరకు వెళ్లి చెప్పినవాడు ఒలౌడా ఎక్వియానో. ఈయన ఒకప్పుడు బానిసే. తనను పదకొండేళ్ల ప్రాయంలో చెల్లెలితోపాటు ఇంటినుంచి ఎత్తుకుపోయారని 1789లో తన జీవితకథలో రాశాడు. ఆయనకు ఒకదాని తరువాత ఒకటిగా కొత్త పేర్లు పెట్టారు: మైకేల్, జాకబ్, గస్టావస్ వాసా. ఈ చివరి పేరుకు పలకనన్నందుకు దెబ్బలు తిన్నాడు. గాజు లోటా ఒకటి కొని అమ్మి చిల్లర బేరాలు మొదలుపెట్టి, పైసా పైసా కూడబెట్టి, 1766లో తన్ను తానే కొనుక్కొన్నాడు. వెల 40 పౌన్లు. తరువాత అచ్చయిన తన పుస్తకం మీద మళ్లీ ఒలౌడా ఎక్వియానో అని వేసుకొన్నాడు.

షార్ప్, ఎక్వియానో మొదలైనవారు ఊరూరా ప్రచారం చేశారు. ఎందరో ఇంగ్లీషువారు బానిసలు పండించిన పంచదార మానేశారు. 1807లో బ్రిటన్ ఈ వ్యాపారాన్ని నిషేధించింది. 1833లో తన వలసలలో చాలాచోట్ల బానిసత్వం రద్దుచేస్తూ చట్టం చేసింది. అయినా "పని నేర్చుకొనేవారు" అనే పేరుతో 1838 దాకా తోటలలో ఉచితంగా పనిచేయించారు. చట్టంలో నష్టపరిహారం కూడా ఉంది: 2 కోట్ల పౌన్లు. అది యజమానులకు. పని చేసినవారికి ఒక్క పైసా ఇవ్వలేదు. ఆ పరిహారం కోసం ప్రభుత్వం చేసిన అప్పు కడపటి బాకీ 2015లో తీరింది.