గోల్‌పోస్ట్ నుంచి కోచ్ కుర్చీ దాకా

ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తే మన కళ్లన్నీ ఎవరి మీద ఉంటాయి? గోల్ కొట్టేవాడి మీదే కదా! గోల్‌కీపర్ పది షాట్లు ఆపినా పేరు గుర్తుండదు. ఒక్కటి వదిలేశాడా, ఇక వారం రోజులు మీమ్సే.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా. ప్రొడక్షన్ సపోర్ట్ చేసేవాళ్లదీ ఇదే కథ. సర్వర్ నడుస్తున్నంతసేపూ మనమెవరో ఎవరికీ తెలీదు. ఆగిందంటే ఫోన్లే ఫోన్లు. అందుకేనేమో, బిల్ ఇర్విన్ గురించి తెలిశాక ఆయన నాకు మనవాడే అనిపించాడు.

ఇర్విన్‌ది ఉత్తర ఐర్లాండ్. 1971లో వేల్స్‌లోని కార్డిఫ్ సిటీ క్లబ్‌కి గోల్‌కీపర్‌గా వచ్చాడు. క్లైవ్ చార్లెస్ అనే డిఫెండర్ అక్కడే ఆయనకి టీమ్‌మేట్ అయ్యాడు. తర్వాత ఇద్దరూ అమెరికా దారి పట్టారు. పీలే, క్రైఫ్ లాంటి దిగ్గజాలు ఆడిన నార్త్ అమెరికన్ సాకర్ లీగ్ అది. ఇద్దరూ వేర్వేరు సమయాల్లో పోర్ట్‌లాండ్ టింబర్స్‌కి ఆడారు. కానీ 1982 సీజన్ తర్వాత ఆ క్లబ్ మూతపడింది. 1984 సీజన్‌తో లీగే ఆగిపోయింది. మన భాషలో చెప్పాలంటే, కంపెనీతో పాటు ఇండస్ట్రీ కూడా షట్టర్ దించేసింది.

1986లో చార్లెస్ యూనివర్సిటీ ఆఫ్ పోర్ట్‌లాండ్ పురుషుల జట్టుకి కోచ్ అయ్యాడు. 1989 నుంచి మహిళల జట్టు కూడా ఆయనదే. ఇర్విన్ ఆయన పక్కన అసిస్టెంట్‌గా ఏళ్ల తరబడి పనిచేశాడు. పేరంతా చార్లెస్‌ది. గోల్‌కీపర్‌కి అది అలవాటే కదా!

2002లో మహిళల జట్టు జాతీయ టైటిల్ గెలిచింది. ఫైనల్లో, ఎక్స్‌ట్రా టైమ్‌లో గెలుపు గోల్ కొట్టింది క్రిస్టీన్ సింక్లెయిర్. ఆ సంతోషం ఏడాది కూడా నిలవలేదు. 2003 ఆగస్టులో చార్లెస్ క్యాన్సర్‌తో చనిపోయాడు. సీజన్ మొదలయ్యే రోజులవి. పురుషుల జట్టు బాధ్యత ఇర్విన్ మీద పడింది. పాత స్నేహితుడు పోయిన బాధ ఒకవైపు, ఆ బాధలోనే ఉన్న కుర్రాళ్లు ఇంకోవైపు. అయినా జట్టుని గ్రౌండ్‌లోకి దించాలి. 2015 దాకా ఆ పని ఆయనే చూసుకున్నాడు.

అక్కడి కాలేజ్ కోచింగ్‌లో ఒక తిప్పలుంది. ఆటగాడికి ఆడే అవకాశం మామూలుగా నాలుగు సీజన్లే. మన దగ్గర ఫైనల్ ఇయర్ బ్యాచ్ వెళ్లిపోయినట్టే, చేతికొచ్చినవాళ్లు ఏటా వెళ్లిపోతుంటారు. కోచ్ మళ్లీ కొత్తవాళ్లతో మొదలుపెట్టాలి.

అలా వెళ్లినవాళ్లలో లూయిస్ రోబ్లెస్ ఒకడు. ఇర్విన్ హెడ్ కోచ్ అయిన తొలి ఏళ్లలో ఆ జట్టు గోల్‌కీపర్. తర్వాత న్యూయార్క్ రెడ్ బుల్స్ తరఫున ఒక్కటీ మిస్ కాకుండా వరసగా 183 లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. ఆరేళ్లపాటు లీవ్ పెట్టకుండా డ్యూటీ చేయడమంటే మాటలా?

గోల్‌కీపర్ మంచి కోచ్ ఎందుకు అవుతాడంటే, గ్రౌండ్ మొత్తం ఎదురుగా కనిపించేది అతనికే. ఈసారి మ్యాచ్ చూస్తే బంతి అవతలి గోల్ దగ్గరున్నప్పుడు ఇవతలి కీపర్‌ని గమనించండి. ఖాళీగా ఉండడు. డిఫెండర్లకి ఏదో ఒకటి అరిచి చెబుతూనే ఉంటాడు. కోచ్ పని అక్కడే మొదలైపోతుంది.