ఒక దగ్గు దగ్గి వెళ్లండి

వెనకటి పెద్దలు పరాయి గుమ్మం ముందు నిలబడి చిన్నగా దగ్గేవారు. మనిషొచ్చాడని లోపలివాళ్లకి తెలియాలిగా! ఉద్దానంలో తెల్లవారుజామున జీడితోటకి బయల్దేరే రైతుకీ ఆ మర్యాద తప్పదు. తోటలో అప్పటికే ఎలుగు ఉండొచ్చు.

శ్రీకాకుళం జిల్లాలోని ఈ ఉద్దానంలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట మండలాల వాళ్లకి ఎలుగు కొత్త కాదు. కొండ దిగితే తోట, తోట దాటితే ఊరు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక ఎలుగు ఒక మనిషి ప్రాణం తీసింది, మర్నాడు మరికొందరి మీద పడి చీల్చింది. మత్తు సూది వేసి పట్టుకుని విశాఖ జూకి తరలిస్తే అదీ బతకలేదు. ఇటొక ప్రాణం, అటొక ప్రాణం.

నిజానికి మనిషి దాని తిండి కాదు. చెదలు, చీమలు, తేనె, పళ్లు దొరికితే చాలు. పుట్ట దగ్గర దాని పని చూడాలి. బారెడు గోళ్లతో తవ్వుతుంది, మట్టిని ఉఫ్ఫుమని ఊదేస్తుంది, ఆపైన చెదల్ని బుస్సున పీలుస్తుంది. పై దవడలో నడిమి పళ్లు రెండూ ఉండవు, ఆ సందే దానికి గొట్టం. ఆ చప్పుడు నూరు మీటర్ల అవతలికి వినిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. వాసన పట్టడంలో దిట్టే గానీ చూపు అంతంతమాత్రం. తెలంగాణలో గుడ్డెలుగు అంటారు, ఆ పేరు ఊరికే రాలేదేమో. తన చప్పుడులో తానుంటే మీ అడుగులేం వినబడతాయి? తలెత్తేసరికి మీరు పది అడుగుల దూరంలో ఉంటారు. పులులు తిరిగే అడవిలో బతికిన జాతి అది, ఎదురు తిరగడమే నేర్చుకుంది. లేచి నిలబడి ముఖం మీదికే వస్తుంది. వీపు మీద పిల్లల్ని మోసుకెళ్లే తల్లి అయితే ఇంక చెప్పక్కర్లేదు.

అందుకే దగ్గమనడం. ఇద్దరు ముగ్గురు కలిసి మాట్లాడుకుంటూ వెళ్లినా, కర్రతో చెట్టు మొదలు తడుతూ వెళ్లినా సరే. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తోటల్లో నడిచే కుర్రాళ్లని చూస్తే నాకు గుండె జారుతుంది. పాట బయటికి వినబడాలి నాయనా! చీకట్లో బహిర్భూమికి వెళ్లేటప్పుడు టార్చి తప్పనిసరి.

ఇక ఎలుగుని పిలిచి పీట వేస్తున్నది మనమే. జీడి ఏరేటప్పుడు గింజ మెలితిప్పి బుట్టలో వేసుకుంటాం, పండు చెట్టు కిందే పారేస్తాం. సాయంత్రానికి ఎర్రగా, పచ్చగా కుప్ప. రాత్రికి పులిసి, కల్లు కుండ తెరిచినట్టు కమ్ముకొచ్చే ఆ వాసన కొండ మీదికి పోకుండా ఉంటుందా? వేసవిలో పనస పండితే మరీను. పొద్దున్న చెట్టు కింద మట్టిలో పెద్ద పాదం గుర్తు, పక్కనే గింజలు నిండిన పెంట కనబడ్డాయంటే ఆ పూట తోటపని మానుకోవడమే తెలివి.

ఇద్దరు స్నేహితులు, ఎలుగుబంటి కథ చదవని పిల్లలుండరు. చెట్టెక్కినవాడు బతికి బట్టకట్టాడు కదా! మన ఎలుగు దగ్గర ఆ ఆట సాగదు, తేనెపట్టు కోసం అది చెట్లెక్కుతుంది. పరుగులోనూ మనిషిని ఓడిస్తుంది. దూరంగా కనబడితే దాన్ని చూస్తూనే మెల్లగా వెనక్కి జరగండి. చచ్చినట్టు పడుకున్న రెండోవాడే కాస్త నయం. మీదికొచ్చేసిందంటే బోర్లా పడుకుని, ముఖం నేలకి ఆనించి, రెండు చేతులూ మెడ వెనక పెనవేయండి. అది వెళ్లిపోయేదాకా కదలొద్దు. గీరుకుపోయిన గాయమైనా సబ్బు నీళ్లతో బాగా కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, రేబిస్ టీకా గురించి అడగండి.

ఎలుగు వచ్చిందనగానే ఊరంతా ఫోన్లు పట్టుకుని పరుగెత్తడం మాత్రం నాకు మింగుడు పడదు. చుట్టూ జనం, కేకలు, రాళ్లు. బెదిరిన జంతువుకి దారి దొరక్కపోతే ఎవరి మీదో పడుతుంది. కొండవైపు దారి వదిలి, అటవీ సిబ్బందికి ఫోన్ చేసి, తలుపులేసుకోండి. చంపితే చట్టం ఒప్పుకోదు, వన్యప్రాణి రక్షణ చట్టంలో దానిది మొదటి షెడ్యూల్.

ఈ వేసవిలో జీడి ఏరాక పళ్ల కుప్పని చెట్టు కింద వదలకండి. ఊరికి దూరంగా గొయ్యి తీసి, పొద్దు వాలకముందే మట్టి కప్పేయండి.